ఎక్స్-రేలో ఏమీ లేదంటే జబ్బు లేనట్టేనా?



ఈ సంచికలో నడుం నొప్పి గురించి రాస్తున్నాం. నడుం నొప్పి లేని ఇల్లు ఏది, దాని గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకోకండి. పొలం పని చేసి, బరువులెత్తి, వయసు మీదపడి వచ్చే నొప్పి సంగతి కాదు మేము చెప్పేది. ఇరవై, పాతికేళ్ళ వయసులో మెల్లగా మొదలై, నెలలు గడిచినా వదలకుండా, తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి సంగతి. ఆ నొప్పితో వచ్చినవారికి ఒక ఎక్స్-రే తీసి, "ఫిలిం బాగుంది, నీకేమీ లేదు" అని పంపించివేసే అలవాటు మన ఆసుపత్రులలో ఉన్నది. ఆ మాట తప్పని మా అభిప్రాయం. ఆ తప్పు మేమూ చేశాం గనుక ముందు దాన్నే చెప్పుకుంటాం.

కొన్నేళ్ళ క్రితం డిగ్రీ చదివే ఒక అబ్బాయిని వాళ్ళ అమ్మ ఓ.పి.కి తీసుకొచ్చింది. "సిస్టరమ్మా, వీడు పొద్దున్న లేవలేడు. లేచినా ముసలాయనలాగా వంగి గోడ పట్టుకుని నడుస్తాడు. పది గంటలయ్యేసరికి మామూలు మనిషే. సాయంత్రం క్రికెట్టు కూడా ఆడతాడు. ఇది రోగమో బద్ధకమో మీరే చెప్పాలి" అన్నది. నడుముకు ఎక్స్-రే తీశారు. రిపోర్టు నార్మల్ అని వచ్చింది. మాలో ఎవరన్నారో చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో అందరం అలాగే అనేవాళ్ళం, "ఎముకలు బాగానే ఉన్నాయి బాబూ, పొద్దున్నే లేచి పని చేసుకో, అదే పోతుంది" అని నవ్వుతూ పంపించాం.

మూడేళ్ళ తరువాత అదే అబ్బాయి ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి విభాగానికి వచ్చాడు. కంటి డాక్టరుగారు కన్ను చూసి, "నీకు నడుం నొప్పి ఉందా?" అని అడిగారు. కంటి డాక్టరు నడుం గురించి అడగడమేమిటని తల్లి ఆశ్చర్యపోయింది. ఆ ఒక్క ప్రశ్నతో అసలు జబ్బు బయటపడింది. ఈ మూడేళ్ళూ ఆ అబ్బాయి ఇంట్లో సోమరి అన్న పేరు మోశాడు. ఆ పేరు పెట్టడంలో మా రిపోర్టుకు కూడా భాగం ఉంది.

ఆ జబ్బు పేరు ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. పేరు వినగానే "మా ఆయనకూ ఉందండీ, మెడకు పట్టీ వేసుకుంటారు" అంటారు. అది వేరు. మెడ పట్టేస్తే మనవాళ్ళు స్పాండిలైటిస్ అంటారు గాని, అది చాలావరకు స్పాండిలోసిస్, అంటే వయసుతో వచ్చే అరుగుదల. పేర్లు దగ్గరగా వినిపిస్తాయి, జబ్బులు మాత్రం వేరు. మేము చెప్పేది వెన్నుకు వచ్చే వాపు జబ్బు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే తప్పుదారి పట్టి, నరంలాంటి గట్టి పట్టీలు ఎముకకు అతుక్కునే చోట్ల వాపు పుట్టిస్తుంది. చాలామందిలో అది మొదలయ్యే చోటు వెన్ను కింది కొస, తుంటి ఎముకలతో కలిసే రెండు కీళ్ళు. నడుము కింద రెండు పక్కలా చిన్న గుంటలు కనబడతాయి చూడండి, ఇంచుమించు వాటి లోపలనే ఉంటాయి. సాక్రోఇలియాక్ కీళ్ళంటారు. ఏళ్ళ తరబడి వైద్యం లేకపోతే కొందరిలో పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి, వెన్నంతా వెదురు బొంగులా ఒకే కర్ర అవుతుంది.

ఈ జబ్బును రష్యాలో బెఖ్తెరెవ్, జర్మనీలో స్ట్రూంపెల్, ఫ్రాన్సులో పియెర్ మారీ అనే వైద్యులు 1890లలో వివరించి రాశారు. రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నది 1895లో. అంటే ఆసుపత్రుల్లో ఫిలిం అనేది వాడుకలోకి రాకముందే, రోగిని కళ్ళారా చూసి, వెన్ను తడిమి, చెప్పింది విని ఈ జబ్బును గుర్తుపట్టారు. నిజమే, వాళ్ళు చూసింది అప్పటికే వంగిపోయిన వెన్నులను. కాని తరువాత వంద ఏళ్ళలో మనం ఇంకో చివరకు వెళ్ళిపోయాం. 1984లో సవరించిన న్యూయార్క్ ప్రమాణాల ప్రకారం ఆ రెండు కీళ్ళ ఎక్స్-రేలో తగినంత మార్పు కనబడితేనే ఈ పేరు పెట్టాలి. అవి ముఖ్యంగా పరిశోధనలకు రోగులను ఎంచుకునేందుకు పెట్టుకున్న కొలతలు. మెల్లగా అవే ఓ.పి. గదిలో కూడా తీర్పు చెప్పసాగాయి.

ఎక్స్-రే తప్పు చెప్పదు. తనకు కనబడిందే చెబుతుంది. దానికి కనబడేది ఎముకలోని గట్టిదనం, ఆ గట్టిదనంలో వచ్చిన తేడా. వాపు అంటే నీరు. గోడకు చెమ్మ పట్టినప్పుడు మొదట్లో పైకి ఏమీ తెలియదు. కొన్ని వానాకాలాలు గడిచి సున్నం పొక్కి పెచ్చులూడినప్పుడు అందరికీ కనబడుతుంది. ఎక్స్-రే చూసేది ఆ ఊడిన పెచ్చులను. నొప్పి మొదలయ్యాక ఫిలింలో మార్పు కనబడడానికి ఏళ్ళు పట్టవచ్చు, కొందరిలో ఎప్పటికీ కనబడకపోవచ్చు. ఎమ్మారై ఆ చెమ్మను చూపగలదు. కొవ్వు వెలుగును అణచి నీటిని తెల్లగా చూపించే ఒక పద్ధతి అందులో ఉంది. ఆ కీళ్ళ పక్కన ఎముక మజ్జలో వాపు ఉంటే తెల్లటి మచ్చలా తెలుస్తుంది. అందుకే 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం కొత్త ప్రమాణాలు రాసినప్పుడు ఎక్స్-రే పక్కన ఎమ్మారైకి కూడా చోటిచ్చారు.

ఇంకో చిక్కు ఉంది. నడుం నొప్పి అనగానే తీసేది నడుము పూసల ఫిలిం. జబ్బు మొదలయ్యే కీళ్ళు దానికి కింద ఉన్నాయి. ఆ అబ్బాయి తల్లి పాత ఫిలింను జాగ్రత్తగా దాచింది. మూడేళ్ళ తరువాత దాన్ని వెలుతురు పెట్టెకు తగిలించి చూస్తే, ఆ కీళ్ళ పైభాగం మాత్రం ఫిలిం అంచున కొంచెం పడింది, దానిమీద పేగుల్లోని గాలి నీడ. బాగుందనీ చెప్పలేరు, బాగాలేదనీ చెప్పలేరు. కటి ప్రాంతం మొత్తం వచ్చేలా ఫిలిం తీస్తే ఆ రెండు కీళ్ళూ పడతాయి. అలా తీసినా, మొదటి దశ మార్పుల విషయంలో ఒకే ఫిలిం చూసిన ఇద్దరు నిపుణులు వేరువేరు మాటలు చెప్పడం మామూలే.

ఇంతవరకు చదివి, "అయితే మా అబ్బాయికి రేపే ఎమ్మారై తీయిస్తాం" అనుకుంటున్నారేమో. ఆగండి. మా రెండవ అభిప్రాయం అదే. పరుగెత్తుకెళ్ళి తీయించిన ఎమ్మారై, అసలు తీయించని ఎమ్మారై కంటే ఎక్కువ నష్టం చేయడం మేము చూశాం.

కూలి చేసుకునే కుటుంబానికి ఆ ఖర్చు చిన్నది కాదు. అప్పు చేసి పట్నం వెళ్ళి "నడుముకు ఎమ్మారై" అని తీయిస్తారు. అదీ నడుము పూసలకే తీస్తారు, కింది కీళ్ళకు ప్రత్యేకంగా తీయరు. రిపోర్టులో "డిస్కు కొంచెం ఉబ్బింది" అని వస్తుంది. ఇక అంతే, ఇంటిల్లిపాదికీ అదే మాట. డిస్కు జారిందట, మంచం దిగవద్దట, బెల్టు పెట్టుకోవాలట. 2015లో అచ్చయిన ఒక పెద్ద సమీక్షలో, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవారికి స్కాన్ తీస్తే దాదాపు 30 శాతం మందిలో డిస్కు ఉబ్బు కనబడింది. ఎనభై ఏళ్ళవారిలో 84 శాతం. డిస్కు ఉబ్బు కనబడినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేం. వాపు జబ్బు ఉన్న పిల్లవాణ్ణి మంచంలో పడుకోబెడితే ఇంకా బిగుసుకుపోతాడు. వాడికి కావలసింది కదలిక.

సరైన చోట తీసిన ఎమ్మారై కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేదు. బాగా పరుగులు పెట్టేవారిలో, ఈ మధ్యనే ప్రసవమైన తల్లులలో ఏ జబ్బూ లేకుండానే ఆ కీళ్ళ దగ్గర తెల్లటి మచ్చ కనబడవచ్చు. హెచ్.ఎల్.ఎ.-బి27 అనే రక్త పరీక్ష సంగతీ అంతే. ఈ జబ్బుకూ దానికీ గట్టి సంబంధం ఉందని 1973లో బయటపడింది, అయినా అది పాజిటివ్ వచ్చిన వారిలో ఎక్కువమందికి జీవితమంతా ఈ జబ్బు రాదు. ఇ.ఎస్.ఆర్. నార్మల్‌గా ఉన్నా జబ్బు ఉండవచ్చు. ఎముకల స్కాన్ అని ఇంజెక్షన్ ఇచ్చి తీసేది దీనికి పనికిరాదని 2015లో యూరప్ కీళ్ళవాత నిపుణుల సంఘం చెప్పింది. ముందు ఆ కీళ్ళకు ఎక్స్-రే, వయసు చిన్నదై నొప్పి మొదలై ఎక్కువ కాలం కానివారికి నేరుగా ఎమ్మారై తీయవచ్చునని కూడా అదే సంఘం సూచించింది. సి.టి. ఎముక కోతను బాగా చూపుతుంది, వాపును చూపదు, పైగా కిరణాల మోతాదు ఉంటుంది.

మరి మొదట దేన్ని నమ్మాలి? రోగి చెప్పే కథను. మేము డిప్లొమా చదివిన నర్సులం, ఫిలిం చదవడం మా పని కాదు. కాని రాత్రి డ్యూటీలో రోగి ఎప్పుడు లేస్తున్నాడో, ఎలా లేస్తున్నాడో చూసేది మేమే. డిస్కు నొప్పి ఉన్న మనిషి పడుకుంటే హాయి అంటాడు. వాపు జబ్బు ఉన్న మనిషి రాత్రి మూడింటికి లేచి వార్డు వరండాలో అటూ ఇటూ నడుస్తాడు. "ఏం బాబూ, నిద్ర పట్టలేదా?" అంటే, "నడిస్తే తగ్గుతుంది సిస్టర్" అంటాడు. ఆ మాట ఏ ఫిలింలోనూ పడదు. అది కేసుషీటులో రాసి ఉంటే డాక్టరుగారికి సగం దారి దొరికినట్టే. చాలాకాలం మేము "రోగికి నిద్ర లేదు" అని రాసి ఊరుకున్నాం.

ఓ.పి.లో ఇంతమంది నడుం నొప్పి వాళ్ళు ఉంటే అందరినీ స్కానుకు పంపగలమా అని కొందరు డాక్టరుగార్లు అంటారు. పంపనక్కరలేదు. నలభై అయిదేళ్ళ లోపు మొదలైందా? మూడు నెలలు దాటిందా? పొద్దున్న బిగువు అరగంటకు మించి ఉంటుందా? కదిలితే తగ్గి, కూర్చుంటే పడుకుంటే పెరుగుతుందా? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. వీటితోపాటు ఒకసారి ఈ పిరుదులో, ఇంకోసారి ఆ పిరుదులో నొప్పి, మడమ నొప్పి, కన్ను ఎర్రబడడం, సోరియాసిస్ మచ్చలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు, వీటిలో ఏదైనా ఉంటే అప్పుడు కీళ్ళవాతం నిపుణుల దగ్గరికి పంపాలి. ఏ చోట, ఏ విధంగా స్కాను తీయాలో చీటీలో రాయవలసింది వాళ్ళు.

ఆడవారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇది మగవారి జబ్బని పాత పుస్తకాల్లో ఉండేది. ఆడవారికీ వస్తుంది, వారిలో ఎక్స్-రే మార్పులు ఆలస్యంగా, తక్కువగా కనబడతాయి. మన దగ్గర ఇంకో అడ్డంకి ఉంది. ఆపరేషను కాన్పు అయిన తల్లికి నడుం నొప్పి వస్తే, "అప్పుడు నడుముకు ఇచ్చిన సూది వల్లే" అని అత్తగారు, అమ్మగారు, చుట్టాలు అందరూ తేల్చేస్తారు. మత్తు ఇచ్చిన సూది చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. బిడ్డకు రెండేళ్ళు వచ్చాక కూడా తెల్లవారుజామున లేపే నొప్పిని ఆ సూది మీదికి తోయకండి. అలాగని కాన్పయిన కొత్తలో స్కాను తీయిస్తే ముందు చెప్పిన మచ్చ వచ్చి కంగారు పెడుతుంది. స్కాను తీసేవారికి ప్రసవం ఎప్పుడయిందో తప్పక చెప్పండి.

మన ప్రాంతంలో ఫిలింను చూసి పొరబడే అవకాశం ఇంకొకటి ఉంది, ఫ్లోరోసిస్. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పెద్దవాళ్ళను చూసినవారికి ఆ బిగుసుకున్న వెన్ను తెలుసు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉన్నదని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఫ్లోరైడు నీళ్ళు తాగినవారికి కూడా వెన్ను వంగక, మెడ తిరగక, ఎక్స్-రేలో పూసల మధ్య పట్టీలు గట్టిపడి కనబడతాయి. అయితే అందులో ఎముక మామూలు కంటే చిక్కగా తెల్లగా ఉంటుంది, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర కూడా సున్నం పట్టి కనబడుతుంది. అందుకే డాక్టరుగారు నడుం నొప్పికి ముంజేతి ఎక్స్-రే రాస్తే విసుక్కోకండి, ఏ ఊరి నీళ్ళు ఎన్నేళ్ళు తాగారో చెప్పండి. క్షయ కూడా ఈ కీలుకు వస్తుంది. అది ఎక్కువగా ఒకవైపే వస్తుంది, జ్వరం, బరువు తగ్గడం తోడుంటాయి. ఎమ్మారైలో చీము పక్క కండలోకి పాకడం కనబడవచ్చు. ఈ వాపు జబ్బుకు ఈ రోజుల్లో ఇచ్చే ఖరీదైన ఇంజెక్షన్లు కొన్ని, లోపల దాగిన క్షయను పైకి లేపగలవు. "నా నొప్పి నడుములో, ఛాతీకి ఎక్స్-రే ఎందుకు?" అని అడిగేవారికి ఇదే జవాబు.

జబ్బు ఖాయమయ్యాక కొందరు ఆరు నెలలకోసారి ఫిలిం తీయించమని పట్టుబడతారు. అక్కరలేదు. వెన్ను ఎక్స్-రే మార్పులు మెల్లగా వస్తాయి, రెండేళ్ళ లోపు మళ్ళీ తీసినా కొత్తగా తెలిసేది తక్కువ. ఆ డబ్బు మందులకు, ఫిజియోథెరపీకి పెట్టుకోవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం వద్దు. వెన్ను అతుక్కుపోయిన మనిషి స్నానాల గదిలో జారినా, సైకిలు మీదనుంచి పడినా, చిన్న దెబ్బే కదా అనుకోకండి. ఆ వెన్ను ఎండు కర్రలా విరగగలదు. మామూలు ఎక్స్-రేలో ఆ విరుగుడు కనబడకుండా పోవచ్చు, అందుకు సి.టి. తీయాలి, కొన్నిసార్లు ఎమ్మారై కూడా. తీసుకొచ్చేటప్పుడు వంగిన మెడను బలవంతంగా చాపి పడుకోబెట్టవద్దు. అలవాటైన వంపులోనే తల కింద దిండ్లు పెట్టి, కదలకుండా తీసుకురండి. ఇది ఇంట్లో వాళ్ళకే కాదు, అంబులెన్సులో వచ్చే పిల్లలకూ చెప్పండి.

స్కాను గది గురించి నర్సులుగా రెండు మాటలు. ఎమ్మారైలో కిరణాలు ఉండవు, పెద్ద అయస్కాంతం ఉంటుంది. గుండెకు పేస్‌మేకర్, చెవి లోపల అమర్చిన పరికరం, తలలో క్లిప్పు ఉన్నవారు ముందే చెప్పాలి. వెల్డింగు పని చేసి ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందంటే అదీ చెప్పాలి. మెట్టెలు, గొలుసు, జడపిన్నులు, మొలతాడు, తాయెత్తు అన్నీ తీసేయాలి. మొలతాడు తీయడానికి మొహమాటపడి దాచుకున్న పెద్దాయన వల్ల ఒకసారి స్కాను సగంలో ఆపవలసి వచ్చింది. అరగంట దాకా వెల్లకిలా కదలకుండా ఉండాలి, మిషను పెద్ద చప్పుడు చేస్తుంది, భయం వద్దు. వెల్లకిలా పడుకోలేనివారు ముందే చెబితే మోకాళ్ళ కింద, మెడ కింద దిండు పెడతారు. ఎక్స్-రే, సి.టి.ల విషయంలో నెల తప్పిన ఆడవారు ఆ సంగతి దాచకూడదు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. డాక్టరుగారు చెప్పిన మందులు, రోజూ వ్యాయామం. ఆదివారం ఆరాధనలో మధ్యమధ్య లేచి వెనుక గోడ దగ్గర నిలబడతాడు. పక్కవాళ్ళు మొదట్లో చాటుగా ఏదో అనుకునేవారు, వాళ్ళ అమ్మే అందరికీ విడమరిచి చెప్పింది. వ్యాధి పేరు తెలిసిన రోజున ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కొడుకు వైపు తిరిగి, "ఎన్ని మాటలన్నానురా" అన్నది.

ఆ తరువాత మా ఓ.పి. బల్ల దగ్గర రిజిస్టరులో పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు గడులు గీసుకున్నాం. మీరు అడగకపోయినా మా సిస్టర్లు అడుగుతారు. వచ్చేటప్పుడు పాత ఫిలింలు, సి.డి.లు, రిపోర్టులు అన్నీ తేదీల వరుసలో తీసుకురండి. ఫోనులో ఫొటో తీసినది సరిపోదు, అసలు ఫిలిమే కావాలి. బీరువా మీద దుమ్ము పట్టి చుట్టలు చుట్టుకుని ఉన్నా సరే, తెండి, తుడిచి చూసుకుంటాం.